శ్రీకాకుళంలో 30 పడకల కేర్ హోమ్ నిండుతుందా? మంచాలు కాదు, రాత్రి డ్యూటీ లెక్కపెట్టండి

మీ ప్రశ్న ఇదీ: శ్రీకాకుళం ఊరి చివర, హైవేకి దగ్గర్లో ఒక అంతస్తు మేడ ఉంది, కిందా పైనా కలిపి 30 మంచాలు పడతాయి. డబ్బు కట్టగలిగిన కుటుంబాల పెద్దవాళ్ల కోసం హోమ్ పెడితే ఎన్నాళ్లకు నిండుతుంది, దానికంటే విజయనగరంలో పెడితే మేలా అని.

ముందే చెప్పేస్తాను. 30 నిండవు, నిండినా చూసుకోలేరు. అదే ఇంట్లో 20 పడకలు వేసి, అందులో మంచం పట్టినవాళ్లు పదిమందికి మించకుండా చూసుకుంటే ఏడాదిన్నర లోపు నిలదొక్కుకోవచ్చు. ఊరి సంగతి ఆ తర్వాతది.

ఒక మాట దగ్గర జాగ్రత్త పడండి. మన వైపు నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులూ ఆపరేషన్లూ చేసే పది, ఇరవై పడకల చోటు. బోర్డు మీద ఆ మాట రాశారంటే అర్ధరాత్రి గుండెనొప్పి కేసు మీ గుమ్మం ముందు దిగుతుంది. వృద్ధాశ్రమం అని రాస్తే ఉచితం అనుకుంటారు, డబ్బున్న పిల్లలు నలుగురూ ఏమనుకుంటారోనని అటు చూడరు. 'పెద్దల సంరక్షణ కేంద్రం' అనో 'సీనియర్ కేర్' అనో రాసి, కింద 'పక్షవాతం, తుంటి ఆపరేషన్ తర్వాత చూసుకోబడును' అని ఒక్క వాక్యం పెట్టండి. ఫోన్లు ఎక్కువగా వచ్చేది ఆ వాక్యం చూసే.

ఇప్పటికే ఎన్ని పడకలు ఉన్నాయో తెలుసుకోవడానికి కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ ఆఫీసుకి వెళ్లి నమోదైన ఆశ్రమాల జాబితా అడగండి. జాబితాలో ఎక్కువగా ట్రస్టులు, చర్చిలు నడిపే ఉచిత ఆశ్రమాలు ఉంటాయి. కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజన కింద ఇచ్చే గ్రాంటు ఇలాంటి సంస్థలకే, అది కూడా నిరుపేద వృద్ధులను పెట్టుకుంటేనే. 25 మంది ఉంటే ఒక యూనిట్ లెక్క. ఆ పడకలు మీకు పోటీ కాదు. అక్కడ చేరాలంటే తన పని తాను చేసుకోగలగాలి, మీ దగ్గరికి వచ్చేది అది చేసుకోలేనివాళ్లు. అందుకే జిల్లాలో ఇన్ని పడకలున్నాయి, ఇన్ని ఖాళీ అనే మొత్తం అంకె మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఒక ఆశ్రమంలో పది మంచాలు ఖాళీగా ఉండగానే, అదే ఊళ్లో ముక్కు గొట్టం ఉన్న పెద్దాయనకి ఒక్క మంచం దొరక్కపోవచ్చు.

ఆ చోట్లకి వెళ్లినప్పుడు పడకలెన్ని అని అడక్కండి. మంచం మీదే ఉన్నవాళ్లు ఎంతమంది, ఆడవాళ్లెంత మగవాళ్లెంత, రాత్రి ఎంతమంది పనివాళ్లు మెలకువగా ఉంటారు, పోయిన నెలలో ఎంతమంది చేరి ఎంతమంది వెళ్లారు, ఎవరిని వద్దన్నారు అని అడగండి. ఆఖరిదే అన్నిటికన్నా విలువైన ప్రశ్న. తర్వాత ఒక సాయంత్రం ఎనిమిదింటికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లో డబ్బు తీసుకుని చూసుకునే చోట్లన్నిటికీ ఫోన్ చేసి ఒకే కేసు చెప్పండి: 'పక్షవాతం, ముక్కు గొట్టం, యూరిన్ పైపు, రేపు డిశ్చార్జి, చేర్చుకుంటారా?' ఎందరు సరే అన్నారో, ఎంత అడిగారో రాసుకోండి. మీ జిల్లాలో అసలు సప్లయి ఎంతో ఆ కాగితం చెబుతుంది.

గిరాకీకి కొదవ లేదు. 2011 జనాభా లెక్కల నాటికే రాష్ట్రంలో నూటికి దాదాపు పదిమంది 60 దాటినవాళ్లు. పైగా ఇది వలస జిల్లా. కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్తారు, మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. ఊళ్లో మిగిలేది ముసలి తల్లిదండ్రులు. అయితే అవసరం ఉన్నవాళ్లందరూ డబ్బు కట్టగలిగేవాళ్లు కాదు. ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను నెలకి 4,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి 10,000 వస్తుంది. అర్హత ఉండీ ఇంకా 4,000 తీసుకుంటున్నవాళ్లు కనబడితే సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ పెట్టించి మార్పించండి. అందువల్ల కొన్ని కుటుంబాలకి మీ ఫీజు అందుబాటులోకి వస్తుంది. పింఛను ఒకటో తేదీన నమోదైన సచివాలయం పరిధిలో, మనిషి చేతికి ఇస్తారు. మీ దగ్గర చేరే ముందే మీ వార్డు సచివాలయానికి బదిలీ పెట్టించండి. 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏడాదికి 5 లక్షల దాకా పనికొస్తుంది కానీ అది ఆసుపత్రిలో చికిత్సకే. నెలసరి సంరక్షణ ఫీజుకి కాదని చేరేరోజే చెప్పండి.

ఇక పడకలు నిండడం అన్నది ఎలా పనిచేస్తుందో చూడండి. నిండిన పడకల సంఖ్య అంటే నెలకి ఎంతమంది చేరతారు, సగటున ఎన్నాళ్లుంటారు అనే రెండిటి గుణకారమే. తుంటి ఆపరేషన్, పక్షవాతం తర్వాత కోలుకోవడానికి వచ్చేవాళ్లు సగటున 45 రోజులుంటారనుకోండి. 20 పడకలు ఎప్పుడూ నిండి ఉండాలంటే నెలకి 13 మంది కొత్తవాళ్లు కావాలి. మతిమరుపు జబ్బుతోనో వయసు వల్లనో వచ్చి సగటున 450 రోజులుండేవాళ్లయితే నెలకి ఒకరో ఇద్దరో చాలు. కాబట్టి ఆరు పడకలు తాత్కాలికం, 14 దీర్ఘకాలం అని మొదటే విడగొట్టుకోండి. తాత్కాలికం ఆరూ నిండాలంటే నెలకి నలుగురు రావాలి, దానికి ఆసుపత్రుల్లో పరిచయాలు కావాలి. దీర్ఘకాలం పడకలు నెమ్మదిగా నిండుతాయి, నిండాక కదలవు. హోమ్‌ని నిలబెట్టేవి అవే, తాత్కాలికానికి వచ్చిన కుటుంబాలే తర్వాత దీర్ఘకాలానికి వస్తాయి.

ఇప్పుడు మీ ఇల్లు. లిఫ్టు లేదు కాబట్టి పై అంతస్తు 15 మంచాలు మంచం పట్టినవాళ్లకి పనికిరావు. కింద 15లో ఒకటి విడి గదిగా ఉంచాలి, కొత్తగా చేరినవాళ్లకీ విరోచనాలూ దగ్గూ ఉన్నవాళ్లకీ. మిగిలినవి 14. పైన నడవగలిగినవాళ్లు ఆరుగురు, మిగతా చోటంతా పనివాళ్లకి పడక గదులు. అలా 20. ఇద్దరుండే గదులు మరీ ఎక్కువ పెట్టకండి. ఒక పెద్దాయన ఉన్న గదిలో రెండో మంచం ఆడమనిషికి ఇవ్వలేరు, అది ఖాళీగానే కూర్చుంటుంది. కింద ఆడవాళ్లకి ఆరు పడకల హాలు, మగవాళ్లకి నాలుగు పడకల హాలు, మధ్యలో ఎటైనా ఇవ్వగల రెండు ఇద్దరి గదులు పెట్టుకుంటే ఇబ్బంది తగ్గుతుంది.

గుమ్మాలు మూడడుగుల వెడల్పు, వరండా ఆరడుగులు. ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు, అంతకన్నా నిటారుగా ఉంటే ఒక్క ఆయా కుర్చీ తోయలేదు. బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డం పడితే లోపలికి తెరిచే తలుపు రాదు. కమోడ్ సీటు 18 అంగుళాల ఎత్తు, పక్కన గోడలోకి దిగ్గొట్టిన స్టీలు కడ్డీ. గచ్చు గరుకుగా ఉండాలి, గడప ఉండకూడదు. వాస్తు కోసం గడప కావాలంటే వీధి గుమ్మానికి ఉంచి అక్కడ చెక్క ర్యాంపు వెయ్యండి.

అన్నిటికన్నా పెద్ద లెక్క రాత్రిది. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. గాలి పరుపు వేసినా తిప్పడం మానడానికి లేదు. తిప్పి, తడి చూసి, దిండు సర్ది, అవసరమైతే డైపర్ మార్చడానికి ఇద్దరికి ఏడు నిమిషాలు పడుతుంది. పదిమంది ఉంటే ఒక రౌండు 70 నిమిషాలు. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకి నాలుగు రౌండ్లు. అంటే ఇద్దరు మనుషులకి దాదాపు నాలుగు గంటల నలభై నిమిషాలు చేతినిండా పనే. ఆ టైములో పైనుంచి బాత్రూంకి లేచినవాళ్లని పట్టుకోవడానికి మూడో మనిషి ఉండాలి. మంచం పట్టినవాళ్లు 16 మంది అయితే రౌండు 112 నిమిషాలు. ఒకటి ముగిసేసరికి రెండోది మొదలుపెట్టాలి. ఏ మనిషీ అలా చేయలేదు, తెల్లారుజామున రౌండు ఎగ్గొడతారు. పుండు పుట్టేది ఆ రౌండులోనే. పది అనే హద్దు పెట్టమన్నది ఇందుకే.

పన్నెండు గంటల షిఫ్టులైతే పగలు ఐదుగురు, రాత్రి ముగ్గురు కావాలి. వారానికో సెలవు కలిపితే ఎనిమిది స్థానాలకి పదిమంది అటెండెంట్లు. ఏఎన్ఎం లేక జీఎన్ఎం నర్సులు ముగ్గురు, వంటకి ఇద్దరు, శుభ్రానికి బట్టలకి ఒకరు, మేనేజరు ఒకరు. మొత్తం 17 జీతాలు.

రూపాయల్లో చూద్దాం. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి, మీ ఊరి అంకెలు పెట్టుకుని మళ్లీ కట్టండి. సగటు జీతం 14,000 అయితే 17 మందికి 2,38,000. సొంత ఇల్లయినా అద్దె కింద 60,000 రాయండి. కరెంటు, గ్యాసు, డాక్టరు విజిట్లు, సబ్బులు 60,000. మొత్తం 3,58,000, ఇది మనుషులున్నా లేకపోయినా పోయేది. తిండికి మనిషికి నెలకి 4,500. ఫీజు 28,000 అనుకుంటే మనిషికి మిగిలేది 23,500. పదహారో మంచం నిండాకే నష్టం ఆగుతుంది. కింద మాత్రమే 12 పడకలతో మొదలుపెడదామంటే 13 మంది పనివాళ్లు, అద్దె 40,000, మిగతావి 45,000 కలిపి 2,67,000. అక్కడ పన్నెండో మంచం కూడా నిండితే గానీ ఒడ్డున పడరు. చిన్న హోములు మూతపడేది ఇక్కడే. మంచాలు సగమైనా రాత్రి డ్యూటీ సగం కాదు.

అలాగని మొదటి రోజే 17 మందిని పెట్టుకోకండి. తొమ్మిది మంది పనివాళ్లతో, ఒక హాలుతో తెరవండి. నెలకి 1,96,000 ఖర్చు, ఐదుగురు చేరితే 78,500 చేతినుంచి పడుతుంది, తొమ్మిదోవాళ్లు వచ్చేదాకా పడుతూనే ఉంటుంది. కాబట్టి ఎనిమిది నెలల నష్టం విడిగా ఉంచుకోకుండా తాళం తీయొద్దు. డైపర్లు, మందులు, ముక్కు గొట్టంలో పోసే పొడులు ఫీజులో కలపకండి. ఒక మనిషికి నెలకి వంద, నూట ఇరవై డైపర్ల దాకా పడతాయి. బిల్లు చూపించి ఎంతయితే అంత తీసుకోండి.

పనివాళ్లు దొరకడం సీజను బట్టి ఉంటుంది. పలాస వైపు ఆడవాళ్లకి జీడిపప్పు పని ఉంది, రణస్థలం, పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీలున్నాయి, వరి కోతలప్పుడు ఊళ్లోకి పోతారు. వాళ్లు నిలబడాలంటే ఆఖరి బస్సు గొడవ లేకుండా పైన పడక ఇవ్వండి, జీతం ఒకటో తేదీ దాటనివ్వకండి. సంక్రాంతికి ఎవరెవరు ఎప్పుడు ఊరెళ్తారో డిసెంబరు మొదట్లోనే చీటీ రాసి గోడకి అంటించండి. చాలామంది పెద్దవాళ్లు కూడా భోగికి ఇంటికెళ్తారు, అది మంచిదే. కనుమ వెళ్లాక కొత్త ఫోన్లు పెరుగుతాయి, ఎందుకంటే పండక్కి వచ్చిన పిల్లలు అమ్మానాన్నల పరిస్థితి కళ్లారా చూసి తిరిగెళ్తారు. ఆషాఢంలోనూ అమావాస్య రోజుల్లోనూ చేరికలు తగ్గితే కంగారుపడకండి.

శ్రీకాకుళమా విజయనగరమా అంటే నాది శ్రీకాకుళం ఓటే. విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లే, డబ్బున్న కుటుంబం అటే చూస్తుంది, మంచి నర్సు కూడా అటే పోతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్లు దాటి ఉంది. ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి వాళ్లకి మీరే దగ్గర. రిమ్స్‌లో, రాగోలు జెమ్స్‌లో, పట్నంలోని ఎముకల ఆసుపత్రుల్లో డిశ్చార్జి రాసే నర్సుల్ని, ఫిజియోథెరపిస్టుల్ని కలవండి. కమీషన్ మాట ఎత్తకండి, ఎత్తితే కేసు తీవ్రత దాచి పంపుతారు. బదులుగా, పంపిన ప్రతి మనిషి ఎలా ఉన్నాడో పదో రోజున ఒక కాగితం రాసి పంపండి. డాక్టరు గుర్తుపెట్టుకునేది దాన్నే.

ఉద్దానం వైపు నుంచి, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస నుంచి కిడ్నీ కేసులు అడుగుతారు. డయాలసిస్ వారానికి రెండుమూడుసార్లు, డయాలసిస్ కేంద్రం దాకా తీసుకెళ్లి తేవాలంటే మీ మనిషి ఒకరు ఆ రోజంతా పోతారు. రవాణా కుటుంబమే చూసుకుంటే తప్ప మొదటి ఏడాది తీసుకోకండి. తీసుకుంటే ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు. రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టరు రాసిన కొలత మంచానికి కట్టాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు ప్రేమకొద్దీ తెచ్చే కొబ్బరిబొండం ఇవ్వనివ్వకూడదు. అందులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మనిషికి గుండె ఆగే ప్రమాదం ఉంది. కొబ్బరి సీమలో ఈ మాట ఒకటికి పదిసార్లు చెప్పాలి.

నిండిన హోముని ఖాళీ చేసేవి వేరే ఉన్నాయి. మొదటిది గజ్జి. ఒకరితో వస్తుంది, కొత్తగా అంటినవాళ్లకి నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురద కనబడదు, కనబడేసరికి పనివాళ్లతో సహా అందరికీ ఉంటుంది. చేరేరోజే వేళ్ల సందులు, చంకలు, నడుం చూడండి. ఒక్క కేసు తేలినా డాక్టరుని అడిగి పర్మెత్రిన్ క్రీము అందరికీ ఒకేరోజు, పనివాళ్లకి కూడా, వారం తర్వాత మళ్లీ. దుప్పట్లు వేణ్ణీళ్లలో ఉడికించి ఎండలో వెయ్యాలి.

రెండోది ముక్కు గొట్టం. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, గొట్టం మీద గుర్తు కదల్లేదని చూసుకుని, ఒక్కసారికి 200 మిల్లీలీటర్లకి అటూఇటూగా నెమ్మదిగా పోసి, 30 మిల్లీలీటర్ల నీళ్లతో కడిగి, ముప్పావుగంట అలాగే కూర్చోబెట్టాలి. చోడి (రాగి) అంబలి పోయవచ్చు, కానీ పలుచన చేసి వడకట్టాలి, లేకపోతే గొట్టం పూడుకుంటుంది. మూడోది రాత్రి బాత్రూంలో పడిపోవడం. ఒంటేలు పోయే బీపీ మాత్ర సాయంత్రం ఇస్తుంటే పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరుని అడగండి, కొన్ని పడిపోవడాలు దాంతో తగ్గవచ్చు.

కాగితాల విషయం. హోము వయోవృద్ధుల సంక్షేమ శాఖలో నమోదు కావాలి. సెలైన్లు పెట్టి చికిత్స మొదలుపెడితే మీరు ప్రైవేటు వైద్య సంస్థల 2002 చట్టం కిందకి, జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి (డీఎంహెచ్‌వో) పరిధిలోకి వస్తారు. ఆ గీత దాటకుండా ఉండడం మంచిది. సూదులకీ డ్రెస్సింగులకీ బయోమెడికల్ వ్యర్థాల ఒప్పందం మాత్రం ఉండాలి. చేరేటప్పుడు ఒప్పందం మీద పెద్దమనిషి సంతకం లేక వేలిముద్ర, ఇద్దరు పిల్లల ఫోన్లు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అంబులెన్సు ఖర్చు ఎవరిది, మధ్యలో వెళ్తే ఎన్ని రోజుల డబ్బు వాపసు, అన్నీ రాసుకోండి. ఫీజు బదులు ఇల్లూ భూమీ రాయించుకోవడం ఎంత బతిమాలినా వద్దు. పిల్లలు ఆస్తి రాయించుకుని ఫీజు ఆపేస్తే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ 2007 చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టించండి. నెలకి 10,000 దాకా భరణం ఇప్పించవచ్చు, చూసుకోవాలనే షరతుతో ఇచ్చిన గిఫ్టు డీడు అయితే సెక్షన్ 23 కింద రద్దు చేయవచ్చు. జిల్లాలో శ్రీకాకుళం, టెక్కలి, పలాసలో ఆర్డీవోలున్నారు. దారి తెలియనివాళ్లకి 14567 ఎల్డర్ లైన్ చెప్పండి.

2014 హుద్‌హుద్‌కీ 2018 తిత్లీకీ కరెంటు రోజుల తరబడి పోయింది. గాలి పరుపు మోటారు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, నీళ్ల మోటారు, ఇన్సులిన్ ఫ్రిజ్ నాలుగూ నడిచే జనరేటరు, మూడు రోజుల డీజిలు, ఒక చేతిపంపు ఉండాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో పది రోజుల మందులు ముందే తెప్పించుకోండి. ఇల్లు నాగావళి వరద నీళ్లు చేరే పల్లంలో ఉంటే మటుకు ఈ ఆలోచనే మానుకోండి, మంచం పట్టిన పదిమందిని మెట్ల మీదుగా పైకి ఎక్కించలేరు.

చావు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. వీధివాళ్లు అభ్యంతరం చెప్పేది దీనికే, అద్దె ఇల్లయితే యజమాని ఖాళీ చేయమనేదీ దీనికే. అద్దె ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా రాయించండి. చేరేటప్పుడు కుటుంబాన్ని అడగండి: చివరి ఘడియల్లో ఇంటికి తీసుకెళ్తారా, ఇక్కడే ఉంచుతారా, పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ పెట్టె ఎక్కడ పెట్టాలి. రాత్రి రెండింటికైనా వచ్చి చూసి ఫారం 4ఎ (మరణ కారణం ధ్రువపత్రం) రాసిచ్చే డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. అది లేకపోతే 21 రోజుల్లో మరణ నమోదుకి కుటుంబం తిరగాల్సి వస్తుంది. వెనక వైపు అంబులెన్సు వచ్చే గుమ్మం ఒకటి విడిగా ఉంచండి. మిగతా పెద్దవాళ్లకి మాత్రం తెల్లారగానే విషయం చెప్పండి, దాచకండి. పక్క మంచం ఎందుకు ఖాళీ అయిందో వాళ్లకి ఎలాగూ తెలుస్తుంది.